ఫైలుకు ఆనవాలు

1924 మే 7వ తేదీన మంప సమీపంలో పట్టుబడిన అల్లూరి సీతారామరాజును బ్రిటిష్ ప్రభుత్వ బలగాలు కొయ్యూరుకు తీసుకువచ్చి, న్యాయస్థానపు గడప తొక్కనీయకుండానే చెట్టుకు కట్టి కాల్చివేశాయి. మృతదేహాన్ని ఫోటో తీయించారు. కృష్ణదేవిపేటలో అంత్యక్రియలు జరిపించారు. అక్కడ ఆయన సమాధి నేటికీ ఉంది. అయినా, రాజు చనిపోలేదనీ, చనిపోయినవాడు మరొకడనీ చెప్పుకొనే మాట మన్యంలో చాలాకాలం వినిపించింది. ఆ మాటలో ప్రేమ కొంత, పాలకుల మీది అపనమ్మకం కొంత. ‘ఇతడే అతడు’ అని చూపడానికి అధికారుల చేతిలో బొమ్మ ఉంది. ఆ బొమ్మ చూపినవారిని నమ్మే జనం మాత్రం లేరు.

అంతకు రెండేళ్ల ముందు దీనికి సరిగ్గా ఎదురైన సంఘటన జరిగింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద రాజు, అతని అనుచరులు దాడి చేసి తుపాకులు, తూటాలు తీసుకుపోయారు. తీసుకొన్న ఆయుధాల వివరాన్ని రాజు స్వయంగా స్టేషను పుస్తకంలో రాసి సంతకం చేసిపెట్టాడని చరిత్రకారులు నమోదు చేశారు. దోచినవాడే లెక్క రాసి సంతకం పెట్టిన తరువాత ఆ లెక్కను శంకించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

ఒక వస్తువు ఫలానాదే అని గుర్తించడానికి రెండు కావాలని ఈ రెండు సంఘటనలూ తెలుపుతాయి. ఒకటి, ఆ వస్తువును వదిలిపోని ఆనవాలు. రెండవది, ఆ ఆనవాళ్లను నమోదు చేసిన, నమ్మదగిన పట్టిక. కంప్యూటర్లలోని ఫైళ్ల విషయంలో మొదటి సమస్యను గణితశాస్త్రం చాలావరకు పరిష్కరించింది. రెండవ సమస్య గణితానికి లొంగేది కాదు. పట్టికను ఎవరు రాయాలి, ఎవరు దాచాలి, అందులో లేనివాటిని ఏ దృష్టితో చూడాలి అన్నవి సమాజం తేల్చుకోవలసిన ప్రశ్నలు. తెలుగులో తయారైన సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ ప్రశ్నల మీద పడవలసినంత దృష్టి పడలేదు.

సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ అంటే ఒక మూట వంటిది. కంప్యూటరులో గాని, సెల్‌ఫోనులో గాని ఒక పని చేయించడానికి కావలసిన ఆదేశాలు, బొమ్మలు, అక్షరరూపాలు, సహాయ పత్రాలు అన్నీ అందులో వేర్వేరు ఫైళ్లుగా ఉంటాయి. మూట విప్పితే పదులు మొదలుకొని వేల వరకు ఫైళ్లు బయటపడతాయి. ఇటువంటి మూటలు ఎన్నో విప్పగా తయారైన సాధారణమైన కంప్యూటరు ఒక్కదానిలోనే లక్షల ఫైళ్లు ఉంటాయి. యజమాని స్వయంగా రాసుకొన్నవి వాటిలో అతి స్వల్పం. మిగిలినవన్నీ ప్రపంచంలోని కోట్లాది కంప్యూటర్లలో అచ్చంగా అదే రూపంలో ఉన్న ప్రతులే.

ఇన్నింటిలో ఒక ఫైలు ఏదో ఎలా తెలుస్తుంది? పేరును బట్టి తెలుస్తుందనుకోవడం అమాయకత్వం. పేరు మార్చడానికి ఒక్క క్షణం చాలు. పరిమాణం, తేదీ కూడా అంతే. సుగ్రీవుని కొలువులోని హనుమంతుడు అశోకవనంలో కనిపించగానే సీత వెంటనే నమ్మలేదు. మారువేషంలో వచ్చే రాక్షసులను ఆమె ఎరుగును. రాముని ఉంగరం చూపిన తరువాతనే ఆమెకు నమ్మకం కుదిరింది. అయితే లౌకికంగా ఆలోచిస్తే, ఉంగరం ఎంత గొప్ప ఆనవాలైనా అది మనిషి నుండి విడివడగల వస్తువే కదా! దొంగిలించవచ్చు, నకలు చేయించవచ్చు. వస్తువులో నుండే పుట్టి, వస్తువు మారితే తానూ మారిపోయే ఆనవాలు ఉంటే ఈ చిక్కు ఉండదు.

వేలిముద్ర అటువంటిదే. ప్రపంచంలోని తొలి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో ఏర్పడింది. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రసిద్ధి చెందిన వర్గీకరణ పద్ధతి వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల కృషి ఎంతో ఉంది. ముద్రలు వేయించడం సులువే. వేలాది ముద్రల నడుమ కావలసినదాన్ని వెతికి పట్టుకోగలిగే పట్టిక తయారుచేయడమే వారు సాధించిన ఘనత. పేరు హెన్రీకి దక్కింది. అది వేరే కథ.

ఫైలుకు వేలిముద్ర వంటిది హ్యాష్. ఫైలు లోపల ఉండేవన్నీ చివరకు అంకెలే. ఆ అంకెలను ముక్కలుగా తీసుకొని, తిప్పి, కలిపి, మళ్లీ తిప్పి, చివరకు నిర్ణీతమైన పొడవు గల ఒక సంఖ్యను రాబట్టే గణిత విధానానికి హ్యాష్ ఫంక్షన్ అని పేరు. నేడు విరివిగా వాడుకలో ఉన్న షా-256 అనే పద్ధతి ఫైలును 512 బిట్ల ఖండాలుగా విడగొట్టి, ఒక్కొక్క ఖండాన్ని 64 ఆవృత్తుల గుండా నడిపిస్తుంది. మూల ఫైలు ఒక ఉత్తరమంత చిన్నదైనా, ఒక చలనచిత్రమంత పెద్దదైనా వెలువడే ఫలితం 256 బిట్లే. దాన్ని అంకెలతోను, ఆంగ్లంలోని మొదటి ఆరు అక్షరాలతోను రాస్తే 64 గుర్తుల వరుస అవుతుంది.

ఈ విధానంలోని విశేషాలు కొన్ని ఉన్నాయి. ఒకే ఫైలును కొయ్యూరులో లెక్కించినా, కాలిఫోర్నియాలో లెక్కించినా ఒకే ఫలితం వస్తుంది. ఫైలు పేరు మార్చినా ఫలితం మారదు. ఎందుకంటే పేరు ఫైలు లోపల ఉండదు. సంచి మీద అంటించిన చీటీ వంటిది అది. కాని లోపల ఒక్క అక్షరం మారినా, ఒక్క ఖాళీ చోటు అదనంగా చేరినా ఫలితం సమూలంగా మారిపోతుంది. కొద్ది మార్పుకు కొద్ది తేడా అనే లెక్క ఇక్కడ లేదు. చెరువులో రాయి వేస్తే ఒకచోట మొదలైన అల గట్టు వరకు పోయినట్లు, ఒక బిట్టు మార్పు 64 గుర్తులలో దాదాపు అన్నింటినీ కదిలించివేస్తుంది. హ్యాష్‌ను చూసి మూల ఫైలును తిరిగి నిర్మించడం సాధ్యం కాదు. వేలిముద్రను చూసి మనిషి ముఖం గీయలేము కదా, అటువంటిదే ఇది. ఇక సాధ్యమయ్యే ఫలితాల సంఖ్య 78 అంకెల పొడవుంటుంది. అందువల్ల రెండు వేర్వేరు ఫైళ్లకు యాదృచ్ఛికంగా ఒకే హ్యాష్ రావడాన్ని ఆచరణలో లెక్కలోకి తీసుకోనవసరం లేదు.

ఈ ఆనవాలు ఎవరికి ఎందుకు ఉపకరిస్తుంది? ఏజెన్సీ గ్రామంలోని ఒక యువకుని కంప్యూటరు ఏదో కేసులో స్వాధీనమై ప్రయోగశాలకు చేరిందనుకుంటే, పరిశీలకుని ముందు లక్షల ఫైళ్లు నిలుస్తాయి. ఒక్కొక్కటి తెరిచి చూడడం మానవమాత్రునికి సాధ్యం కాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌తో, ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్లతో వచ్చిన ఫైళ్లు ఏవో ముందుగా తెలిస్తే వాటిని పక్కన పెట్టి, మిగిలిన కొద్దివాటిని శ్రద్ధగా చూడవచ్చు. అప్పుడు పని నెలల నుండి రోజులకు తగ్గుతుంది. నిర్దోషి త్వరగా బయటపడతాడు. దోషి తన పత్రానికి సిస్టమ్ ఫైలు పేరు తగిలించి దాచలేడు.

ఇందుకోసమే అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ ‘నేషనల్ సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ లైబ్రరీ’ అనే భాండాగారాన్ని నిర్వహిస్తున్నది. ఇది మేరీలాండ్ రాష్ట్రంలోని గేథర్స్‌బర్గ్‌లో ఉంది. అక్కడ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల అసలు ప్రతులను సేకరించి అరలలో భద్రపరుస్తారు. ప్రతి ప్యాకేజీని విప్పి, అందులోని ప్రతి ఫైలుకూ హ్యాష్ లెక్కించి, ఆ ఫైలు ఏ తయారీదారు రూపొందించిన ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ సంచికకు చెందినదో పట్టికలో చేరుస్తారు. ఆ పట్టికను ఉచితంగా లోకానికి విడుదల చేస్తారు. న్యాయస్థానంలో ఎవరైనా ‘ఈ అంకె ఎక్కడిది?’ అని నిలదీస్తే, అరలోని అసలు డిస్కును తీసి మళ్లీ లెక్కించి చూపగల ఏర్పాటు అది. నమ్మకానికి ఇంతకంటె మంచి పునాది దొరకడం కష్టం. నేర పరిశోధన కొరకు పుట్టిన ఈ సంస్థ తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి, స్టీఫెన్ కాబ్రినెటీ అనే సేకర్త కూడబెట్టిన వేలాది పాత కంప్యూటర్ ఆటల డిస్కులను కాపాడే పని కూడా చేసింది. పోలీసులకు సాయపడే పట్టిక గ్రంథాలయంగా కూడా ఎదిగిందన్నమాట.

ఈ పట్టిక నిర్వాహకులు ఒక మాటను పదే పదే స్పష్టం చేస్తారు. అది ‘తెలిసిన’ ఫైళ్ల పట్టిక మాత్రమే గాని ‘మంచి’ ఫైళ్ల పట్టిక కాదు. అందులో సమాచారాన్ని రహస్యంగా దాచే సాఫ్ట్‌వేర్లు, ఇతరుల కంప్యూటర్లలో చొరబడడానికి పనికివచ్చే సాధనాలు కూడా ఉన్నాయి. పట్టికలో పేరుండడం గుర్తింపే, యోగ్యతాపత్రం కాదు. ఈ భేదాన్ని విస్మరించడం వల్లనే అనర్థాలు కలుగుతున్నాయి.

2017లో సీక్లీనర్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ తయారీదారుల సొంత వ్యవస్థలోకే దుండగులు చొరబడి ప్యాకేజీలో విషం కలిపారు. వినియోగదారులకు అందిన ఫైలు మీద తయారీదారు సంతకం సవ్యంగానే ఉంది. హ్యాష్ పోల్చి చూసినవాడికి కూడా తేడా కనిపించే అవకాశం లేదు. ఎందుకంటే విషం కలిసిన తరువాతనే ముద్ర పడింది. పాలలో నీళ్లు కలిపిన తరువాత సీలు వేస్తే సీలు తప్పు కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణం విషయంలో మరింత విచిత్రం జరిగింది. ఏళ్ల తరబడి నమ్మకంగా సేవ చేసినట్లు కనిపించిన ఒక సహకారి, అందరూ చూసే మూలపాఠంలో లేని కొన్ని పంక్తులను విడుదల చేసిన మూటలో చేర్చాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు తన కంప్యూటరులో లాగిన్ కావడానికి అర సెకను అదనంగా పట్టడం అనుమానం కలిగించింది. ఆ అనుమానమే ప్రపంచవ్యాప్తంగా లక్షల సర్వర్లను ప్రమాదం నుండి తప్పించింది. హ్యాష్ ‘ఇది అదే’ అని చెప్పగలదు. ‘అది ఎటువంటిది’ అన్న ప్రశ్నకు జవాబు మనుషులే వెతకాలి.

ఇందుకు రెండవ వైపు కూడా ఉంది. తెలుగువారికి అది మరింత ముఖ్యం. పట్టికలో ఉన్నదంతా మంచిది కానట్లే, పట్టికలో లేనిదంతా చెడ్డది కాదు. ఈ సంగతి మన్యపు గిరిజనులకు ఒకరు చెప్పనక్కరలేదు. తాతల నాటి నుండి పోడు చేసుకొంటున్న భూమి రికార్డులో లేనంత మాత్రాన వారు ఆక్రమణదారులుగా లెక్కకు వచ్చారు. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికి 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేయవలసి వచ్చింది. పుస్తకంలో ఎక్కనిది నేలమీద లేదని భావించడం పట్టికలు నిర్వహించేవారికి సహజంగా పట్టుకొనే జబ్బు.

ఫైళ్ల లోకంలో కూడా ఇదే జరుగుతున్నది. విదేశంలోని భాండాగారానికి విదేశీ ప్యాకేజీలు బాగా తెలుసు. తెలుగు ఫైళ్ల సంగతి వేరు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ‘పోతన 2000’, ‘వేమన 2000’ ఖతులు యూనికోడ్ తెలుగు కంప్యూటర్లలో ప్రవేశించిన తొలినాళ్లలో ఎంతోమందికి మొదటి అక్షరరూపాలు. అవి ఒక చోటి నుండి మరొక చోటికి, స్నేహితుని సి.డి. నుండి కార్యాలయపు కంప్యూటరుకు చేతులు మారుతూ వ్యాపించాయి. పత్రికా కార్యాలయాలలోను, అచ్చు పనివారి దగ్గర డి.టి.పి. కేంద్రాలలోను అను ఫాంట్లు రాజ్యమేలాయి. భారత ప్రభుత్వపు టి.డి.ఐ.ఎల్. కార్యక్రమం కింద తెలుగు ఉపకరణాల సి.డి.లు ఉచితంగా పంచిపెట్టారు. స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో పలికే లినక్స్ వ్యవస్థను డిస్కులపై అందించింది. తరువాతి కాలంలో సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ‘సూరన్న’, ‘మల్లన్న’, ‘రామరాజ’ వంటి ఖతులను విడుదల చేశాయి.

వీటిలో ఒక్కొక్కదానికి ఎన్ని సంచికలు వచ్చాయి, ఏ సంచికలో ఏ దోషం సవరించారు, నేడు వెబ్‌సైట్లలో దొరుకుతున్న ప్రతి అసలుదా, మధ్యలో ఎవరైనా చేయి చేసుకొన్నదా అని అడిగితే చెప్పగల పట్టిక కావాలి. అది లేనప్పుడు రెండు విధాలుగా నష్టం కలుగుతుంది. పరిశోధనశాలలో తెలుగు ఫైలు ‘తెలియనిది’ అన్న గుంపులో పడి, అమాయకుని కంప్యూటరులో అనుమానాస్పదమైనవాటి సంఖ్యను పెంచుతుంది. రెండవది దీనికంటె బాధాకరం. పాతికేళ్ల నాటి తెలుగు పత్రాన్ని సరిగా చదవాలంటే ఆనాటి ఖతి ఆ రూపంలోనే కావాలి. యూనికోడ్‌కు ముందరి ఖతులలో అక్షరాల సంకేతాలు తయారీదారును బట్టి మారేవి. ఖతి తప్పితే కథ అంతా అర్థంలేని గీతలుగా మారిపోతుంది. పాత పుస్తకాల డి.టి.పి. ఫైళ్లు దగ్గర ఉండి కూడా తెరవలేక, అచ్చయిన ప్రతిని చూసి మళ్లీ మొదటి నుండి టైపు చేయించుకొన్న ప్రచురణకర్తలకు ఈ వ్యథ తెలుసు.

చట్టం ఈ విషయంలో ముందే మేలుకొంది. 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం మూడవ సెక్షనులోనే హ్యాష్ ఫంక్షన్‌ను నిర్వచించింది. ఒకే రికార్డుకు ఎప్పుడు లెక్కించినా ఒకే ఫలితం రావాలనీ, ఫలితం నుండి మూలాన్ని రాబట్టడం గాని, రెండు రికార్డులకు ఒకే ఫలితం తేవడం గాని ఆచరణసాధ్యం కాకూడదనీ ఆ నిర్వచనం సారాంశం. 2024 జూలై 1 నుండి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమం మరొక అడుగు ముందుకు వేసింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు సమర్పించే ధ్రువపత్రంలో ఆ రికార్డు హ్యాష్‌నూ, దాన్ని లెక్కించిన పద్ధతినీ పేర్కొనాలని విధించింది. స్వాధీనమైన నాటి హ్యాష్, న్యాయస్థానంలో చూపిన నాటి హ్యాష్ ఒకటే అయితే నడుమ ఎవరూ ఏమీ మార్చలేదని రుజువవుతుంది. ఈ నియమం పోలీసులకు ఎంత రక్షణో, నిందితునికి కూడా అంతే రక్షణ. ఇంకా చెప్పాలంటే నిందితునికే ఎక్కువ. ఎందుకంటే ఫైలు ఉన్నది ఎదుటివారి బీరువాలో.

అయితే ఆ ధ్రువపత్రపు నమూనాలో షా-256తో పాటు ఎమ్.డి.5, షా-1 అనే పాత పద్ధతులకు కూడా చోటివ్వడం ప్రశంసింపదగిన విషయం కాదు. రొనాల్డ్ రివెస్ట్ రూపొందించగా 1992లో వెలువడిన ఎమ్.డి.5 పద్ధతిలో ఒకే హ్యాష్ గల రెండు వేర్వేరు ఫైళ్లను తయారుచేయవచ్చునని 2004లో వాంగ్ షియావోయున్ అనే చైనా గణితవేత్త, ఆమె సహచరులు నిరూపించారు. 2012లో బయటపడిన ఫ్లేమ్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఈ లోపాన్ని వాడుకొని మైక్రోసాఫ్ట్ సంతకాన్ని అనుకరించింది. షా-1 వంతు 2017 ఫిబ్రవరిలో వచ్చింది. గూగుల్ సంస్థ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని పరిశోధన కేంద్రం కలిసి ఒకే షా-1 హ్యాష్ గల రెండు వేర్వేరు పి.డి.ఎఫ్. ఫైళ్లను లోకం ముందు పెట్టాయి.

ఇక్కడ అతిశయోక్తికి పోకూడదు. ఈ దాడులలో రెండు ఫైళ్లనూ తయారుచేసేవాడు ఒకడే. ఇదివరకే ఉన్న ఒక ఫైలు హ్యాష్‌కు సరిపోయేటట్లు మరొక ఫైలును కల్పించడం ఆ పాత పద్ధతులలో కూడా నేటికీ ఆచరణసాధ్యం కాలేదు. అందువల్ల పాత పట్టికలన్నీ ఒక్కసారిగా చెత్తకుప్ప పాలయ్యాయనడం సరికాదు. కాని న్యాయస్థానంలో ఒక మంచి న్యాయవాది ‘ఈ పద్ధతి విరిగిపోయిందని శాస్త్రవేత్తలే చెబుతున్నారు కదా’ అని అడిగితే, సాక్షి బోనులోని అధికారి ఇంత సూక్ష్మమైన భేదాన్ని వివరించి నెగ్గుకురాగలడా? షా-256 లెక్కించడానికి ఒక పైసా ఎక్కువ ఖర్చు కానప్పుడు ఆ ఇబ్బంది కొని తెచ్చుకోవడం ఎందుకు?

సామాన్యుని దగ్గరకు వస్తే సమస్య రూపం మారుతుంది. కొయ్యూరు సంతలో కూరగాయలు అమ్ముకొనే రైతు చేతిలో నేడు స్మార్ట్‌ఫోను ఉంది. పి.ఎం. కిసాన్ సొమ్ము పేరుతోనో, వాహనపు చలానా పేరుతోనో వాట్సాప్‌లో ఒక ఏ.పి.కె. ఫైలు వస్తుంది. ఏ.పి.కె. అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను స్థాపించే మూట. దాన్ని నొక్కి అనుమతులిచ్చినవారి ఫోనులోకి వచ్చే బ్యాంకు సంక్షిప్త సందేశాలు మోసగానికి చేరుతాయి. ఖాతా ఖాళీ అవుతుంది. తెలుగు రాష్ట్రాల పోలీసులు ఇటువంటి మోసాల గురించి అనేక పర్యాయాలు హెచ్చరికలు జారీ చేశారు.

‘ఫైలును తెరిచే ముందు హ్యాష్ సరిచూసుకోండి’ అని ఆ రైతుకు సలహా ఇవ్వడం హాస్యాస్పదం. 64 గుర్తుల వరుసలను కంటితో పోల్చడం విద్యావంతులకు కూడా విసుగు పుట్టించే పని. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరిపెట్టుకోవడమే ఎక్కువమంది చేసేది. ఆ పని యంత్రం చేయాలి, చేయగలదు కూడా. డెబియన్ వంటి లినక్స్ వ్యవస్థలలో ప్రతి ప్యాకేజీ హ్యాష్ ఒక పట్టికలో ఉంటుంది. ఆ పట్టిక హ్యాష్ మరొక చిన్న పత్రంలో ఉంటుంది. ఆ పత్రం మీద నిర్వాహకుల డిజిటల్ సంతకం ఉంటుంది. వినియోగదారుడు ఒక ఆజ్ఞ ఇవ్వగానే ఈ గొలుసు అంతటినీ కంప్యూటరే సరిచూసి, ఎక్కడ తెగినా పని ఆపివేస్తుంది. అతనికి హ్యాష్ అనే మాట కూడా తెలియనక్కరలేదు.

అటువంటి గొలుసుకు మొదటి కొక్కెం పాలకుల చేతిలో ఉండాలి. ఏ కార్యాలయమైనా యాప్‌ను నేరుగా ఫైలుగా అందించడం మొదలుపెడితే, ప్రజలకు ‘ప్రభుత్వపు ఫైలు ఇలాగే వస్తుంది’ అన్న అలవాటు అవుతుంది. మోసగానికి కావలసింది ఆ అలవాటే. కనుక అటువంటి పంపకం మానడం ఉత్తమం. తప్పనిసరి అయితే, ఆ ఫైలు హ్యాష్‌ను అది ఉన్న పుటలోనే కాక వేరొక చోట, వేరొకరి ఆధీనంలో ప్రకటించాలి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి చొరబడినవారు డౌన్‌లోడు లంకెను విషపూరితమైన ఫైలు వైపు మళ్లించారు. అంతటి అధికారం చేజిక్కినవానికి పక్కనే రాసి ఉన్న హ్యాష్‌ను మార్చడం ఎంత పని? తాళమూ, తాళపుచెవీ ఒకే కొయ్యకు వేలాడదీసినట్లే కదా!

ఇటువంటి పట్టిక వల్ల పౌరుల మీద నిఘా పెరగదా అని కొందరు సందేహించవచ్చు. సందేహం నిరాధారం కాదు. ఒక ప్రభుత్వం తనకు నచ్చని కరపత్రపు హ్యాష్‌ను నమోదు చేసి, అది ఎవరెవరి ఫోనులో ఉన్నదో వెతికించవచ్చు. వేలిముద్రల కార్యాలయం పుట్టిన దేశంలో, వలస పాలన కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసిన దేశంలో ఈ భయం ఊహాజనితమని తోసిపుచ్చడానికి వీలులేదు. అందుచేత పట్టికలో బహిరంగంగా విడుదలైన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకు మాత్రమే స్థానముండాలి. వ్యక్తుల పత్రాలకు ఉండకూడదు. పట్టిక మొత్తం ప్రజలందరికీ అందుబాటులో ఉండాలి. దాన్ని నిర్వహించేది దర్యాప్తు సంస్థ కాకుండా విశ్వవిద్యాలయమో, గ్రంథాలయమో అయితే మేలు. తన పట్టికను తాను రాసి తానే సాక్ష్యం చెప్పే సంస్థను నమ్మించడం ఎంత కష్టమో 1924లో మన్యం చూపింది.

ఖర్చును గురించిన ఆక్షేపణ అంత బలమైనది కాదు. హ్యాష్ లెక్కించే సాధనాలు ప్రతి లినక్స్ వ్యవస్థతోను ఉచితంగా వస్తాయి. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు ఒక వేసవి సెలవులలో నేర్చుకొని చేయదగిన పని ఇది. అసలైన శ్రమ సేకరణలో ఉంది. తెలుగు ఖతులు, నిఘంటువులు, కీబోర్డు ఉపకరణాలు, పాఠశాలలకు పంచిన పాఠాల సి.డి.లు ఎవరెవరి దగ్గర ఉన్నాయో వెతకాలి. విడుదల చేసినవారు సజీవులై ఉండగానే వారిని కలిసి, ఇదే అసలు ప్రతి అని వారిచేత రాయించి సంతకం తీసుకోవాలి. స్టేషను పుస్తకంలో రాజు చేసిన సంతకానికి ఉన్న విలువ దానికి వస్తుంది.

ఆలస్యానికి వెల కూడా ఉంది. ఇంటిలో రాసుకొన్న సి.డి.ల మీది రంగుపూత వేడికీ తేమకూ పాడవుతుంది. మన్యంలోను, కోస్తాలోను ఈ రెండింటికీ కొరత లేదు. ఫ్లాపీలు చదివే యంత్రాలు దుకాణాలలో కనిపించడం మానివేశాయి. చదవలేని డిస్కుకు హ్యాష్ లెక్కించడం ఎవరివల్లా కాదు. డి.టి.పి. కేంద్రాల సొరుగులలో, పత్రికా కార్యాలయాల అటకల మీద, తొలితరం తెలుగు సాంకేతికుల ఇళ్లలో పడి ఉన్న డిస్కులలో ఇంకా చదవడానికి వీలైనవి ఎన్ని మిగిలాయో లెక్క తీయడంతో ఈ పని ఆరంభం కావాలి.